ఓడ వెళ్ళిపోయాక ఒడ్డున ఏం చూడాలి

మల్కాజిగిరి,
హైదరాబాద్

అమ్మా నీరజా,

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలు శ్రద్ధగా చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నది ఒడ్డున ఓడలు బాగుచేసిన చోట్లలో ఇప్పుడు ఏం మిగిలిందో కొలిచి, గీసి, నమోదు చేస్తానన్నావు. చాలా సంతోషం వేసింది. ఓడ పుట్టిన చోటుని లోకం గుర్తుపెట్టుకుంటుంది. ఓడలు కట్టే మన విశాఖ యార్డుకి 1941 జూన్‌లో రాజేంద్ర ప్రసాద్ గారు శంకుస్థాపన చేశారనీ, 1948లో అక్కడ కట్టిన జల ఉష అనే ఓడను నెహ్రూ గారు నీళ్ళలోకి దింపారనీ అందరూ చెబుతారు. దెబ్బతిని వచ్చిన ఓడను బాగుచేసి మళ్ళీ సముద్రంలోకి పంపిన చోటు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఉద్యోగమంతా డ్రైడాక్‌లోనే, అంటే ఓడను లోపలికి తెచ్చి నీళ్ళు తోడేసి బాగుచేసే గొయ్యిలోనే, గడిపినవాణ్ణి కనుక నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అందుకే నాకు తెలిసినదంతా నీకు రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను. అక్కడికి వెళ్ళగానే పెద్ద గోడ ముందు నిలబడి ఫోటోలు తీయకు. పని ఏ వరుసలో జరిగిందో ఆ వరుసలోనే నడువు. ఓడ నీళ్ళలోంచి వస్తుంది. దాన్ని కట్టేయాలి, పైకి లాగాలి లేదా కింద నీళ్ళు తోడేయాలి. తర్వాత దాని అడుగుకి మనుషులు చేరాలి, వాళ్ళకి రేకులు, రివెట్లు, కరెంటు, గాలి అందాలి. ఇవన్నీ రోడ్డు మీదనుంచో రైలు పట్టాల మీదనుంచో రావాలి. నదిలోంచి రోడ్డు దాకా ఆ దారి పట్టుకుని నడిస్తే, విడివిడిగా అర్థంకాని సిమెంటు దిమ్మ, ఇనుప కడ్డీ, విరిగిన గుంజ తమ తమ చోట్లలో కుదురుకుంటాయి. మధ్యలో ఏది కనబడకపోయినా, అక్కడ ఏం ఉండి ఉండాలో నీకు తెలుస్తుంది. ఖాళీ చోటుని కూడా నీ డ్రాయింగులో ఖాళీగానే చూపించు.

బ్రిస్బేన్‌లో ఈ పని ఒక్కచోట జరగలేదు. సౌత్ బ్రిస్బేన్ డ్రైడాక్ 1881లో తెరిచినది. యుద్ధకాలంలో మిత్రదేశాల ఓడలు, అమెరికా జలాంతర్గాములు అందులో మరమ్మతు చేయించుకున్నాయి. 1972లో మూసేశారు. ఇప్పుడది సముద్రయాన మ్యూజియంలో భాగం. లోపల డయామంటినా అనే యుద్ధనౌక నిలబడి ఉంటుంది. 1945 సెప్టెంబరులో నౌరు దీవిలోని జపాన్ సైన్యం లొంగిపోయింది ఆ ఓడ మీదే. నదికి దిగువన కెయిర్న్‌క్రాస్ డాక్‌ను యుద్ధం మధ్యలో, 1942లో మొదలుపెట్టి 1944 కల్లా వాడకంలోకి తెచ్చారు. న్యూ ఫార్మ్ దగ్గర 1942 ఏప్రిల్ నుంచి అమెరికా జలాంతర్గాముల స్థావరం ఉండేది.

ఈ మూడో చోటు నిన్ను కొంచెం నిరాశపరచవచ్చు. కారణం విను. అక్కడ వర్క్‌షాప్ అంటే ఎక్కువగా ఒడ్డున కట్టిన భవనం కాదు, గ్రిఫిన్, ఫుల్టన్ లాంటి పెద్ద ఓడలే. లేత్‌లు, ఫౌండ్రీ, విడిభాగాలు, టార్పెడోలు అన్నీ వాటి కడుపులోనే. జలాంతర్గాములు పక్కన వచ్చి కట్టుకునేవి. పని అయిపోగానే వర్క్‌షాపే లంగరెత్తి వెళ్ళిపోయింది. ఒడ్డున మిగిలేది వార్ఫ్ (ఓడలు ఆనే కట్టడం), కట్టుగుంజలు, గోదాములు, అంతే. అక్కడ తక్కువ దొరికిందని తక్కువ పని జరిగిందని రాయకు.

ఆ పని ఎంత పెద్దదో తెలియాలంటే గ్రౌలర్ కథ తెలుసుకో. 1943 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఈ జలాంతర్గామి జపాన్ ఓడను గుద్దుకుంది. పైన గాయపడి ఉన్న కమాండర్ గిల్‌మోర్, తనను వదిలేసి మునగమని ఆజ్ఞ ఇచ్చి ప్రాణం వదిలాడు. ముందు భాగం పద్దెనిమిది అడుగుల మేర పక్కకి ఒంగిపోయిన ఆ పడవ ఎలాగో బ్రిస్బేన్ చేరింది. అక్కడి వాళ్ళు కొత్త ముక్కు కట్టి, దాని మీద కంగారూ బొమ్మలు బిగించి పంపారు. మరుసటి ఏడాది నవంబరులో అది మునిగిపోయింది. గిల్‌మోర్‌కి అమెరికా అత్యున్నత పతకం దక్కింది, దక్కాలి కూడా. ఆ ముక్కుని కోసి, కొత్తది అతికించిన బాయిలర్‌మేకర్ల, అంటే ఇనుప రేకుల పనివాళ్ళ, పేరు మీద ఏముంది? ఏదన్నా ఉంటే ఒడ్డునే ఉండాలి. నువ్వు వెళ్తున్నది దాని కోసమే.

ఇక ఒడ్డున కంటికి ఏం కనబడుతుందో చెబుతాను. స్లిప్‌వే అంటే నీళ్ళలోకి దిగే వాలు. దాని మీద పట్టాలు, పట్టాల మీద ఓడను మోసే బండి, అంటే క్రేడిల్, పైన దాన్ని లాగే యంత్రం, అంటే వించ్. ఓడల స్లిప్‌వే వాలు చాలా తక్కువగా ఉంటుంది, దాదాపు పదిహేను ఇరవై అడుగులకి ఒక అడుగు. ఇప్పుడు ట్రెయిలర్ మీద పడవలు దించే ర్యాంపులు అంతకంటే బాగా నిటారుగా ఉంటాయి. వాలు కొలిస్తే చాలు, ఏది ఏదో సగం తేలిపోతుంది. పట్టాల మధ్య దూరం కూడా కొలువు. క్వీన్స్‌లాండ్ రైల్వే గేజ్ 1067 మిల్లీమీటర్లు. అంతే వస్తే అది ఎక్కువగా సరుకుల వ్యాగన్ దారి అయి ఉంటుంది. ఓడను మోసే పట్టాలు మామూలుగా దానికంటే ఎడంగా ఉంటాయి.

సిమెంటు దిమ్మల్లోంచి పైకి పొడుచుకొచ్చిన బోల్టులంటే నాకు ప్రాణం. యంత్రాన్ని అమ్మేస్తారు, షెడ్డు రేకులు ఎత్తుకుపోతారు, బోల్టులు మాత్రం మిగిలిపోతాయి. నాలుగు బోల్టులు చిన్న చతురస్రంగా ఉంటే స్తంభం నిలబడ్డ చోటు కావచ్చు. పొడుగ్గా రెండు వరుసలుండి మధ్యలో గుంట ఉంటే వించో, కంప్రెసరో, పంపో ఆలోచించు. ప్రతి బోల్టుకీ మధ్య దూరం మిల్లీమీటర్లలో రాసుకుని, రాత్రి గదిలో కూర్చుని అంగుళాల్లోకి మార్చి చూడు. ఆస్ట్రేలియా మెట్రిక్ కొలతలకి మారింది 1970లలో. లెక్క పూర్తి అంగుళాల్లో కుదిరితే ఆ దిమ్మ అంతకు ముందుది అనడానికి ఒక ఆధారం దొరికినట్టే. మిల్లీమీటర్లలో గుండ్రంగా వస్తే తర్వాతి కాలం వాళ్ళు వేసింది కావచ్చు. ఒక్క ఆధారంతో తేల్చేయకు, రెండోది వెతుకు.

డ్రైడాక్ దగ్గర గోడల మెట్లు గమనించు. అవి దిగడానికే కాదు, ఓడ పక్కకి ఒరగకుండా దుంగలు ఆనించడానికి కూడా. గేటు గడప ఎంత లోతులో ఉందో, ప్రవేశం ఎంత వెడల్పో, అడుగు ఎంత పొడుగో, ఈ మూడూ తెలిస్తే ఏ ఓడ పట్టేదో, ఏది పట్టేది కాదో చెప్పగలవు. పంపుహౌస్ మర్చిపోకు. సందర్శకులు దానివైపు చూడరు, అది లేకపోతే డాక్ ఉత్త గొయ్యి.

కొలిచేటప్పుడు పేర్లు పెట్టకు. నోట్‌బుక్‌లో 'వించ్ దిమ్మ' అని రాసిన మరుక్షణం నీ కళ్ళకి వించే కనబడుతుంది. 'దిమ్మ 4, ఆరు బోల్టులు, ఉత్తరం పక్క విరిగింది' అని రాయి. పేరు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

నీళ్ళ సంగతి నువ్వు హైదరాబాద్‌లో పెరిగిన పిల్లవి కనుక గట్టిగా చెప్పాలి. అది సముద్రపు పోటు పాట్లకి నీళ్ళు ఎక్కి దిగే నది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పాటు బాగా కిందకి దిగుతుంది. స్లిప్‌వే చివర్లు, గుంజల మొదళ్ళు బయటపడేది అప్పుడే. పోటు పాట్ల వేళలు చెప్పే టైడ్ టేబుల్‌లో సమయం నదీముఖం దగ్గరిది, ఊరి లోపలికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నీళ్ళు ఇంకా దిగుతుండగానే పని మొదలుపెట్టు, తిరిగి ఎక్కడం మొదలవగానే ఒడ్డుకి వచ్చేయి. ఇంకొక్క కొలత అని ఆగొద్దు. బురద మోకాలి దాకా పట్టేస్తుంది, ఆ నదిలో బుల్ షార్క్‌లు కూడా తిరుగుతాయి. ఒంటరిగా దిగకు. ఈ విషయంలో నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది, నువ్వు మాట ఇవ్వాలి.

వరద కూడా లెక్కలో ఉంచుకో. 1974లో, 2011లో, 2022లో ఆ నది ఊరిని ముంచింది. మూసీ 1908లో ఏం చేసిందో మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారుగా. బురదలో పడి ఉన్న గొలుసు ఎక్కడినుంచైనా కొట్టుకొచ్చి ఉండవచ్చు. నేలలో దిగి ఉందా, దేనికైనా బిగించి ఉందా, మిగతావాటితో ఒక గీతలో ఉందా అని చూశాకే దాన్ని నీ మ్యాపులో ఎక్కించు.

ఏదీ తీసి బ్యాగులో వేసుకోకు, ఒక్క రివెట్ కూడా. దాని చోటులోంచి తీస్తే అది ఇనుపముక్కే. మడచెట్లు అడ్డొచ్చినా కొమ్మ విరవకు, అక్కడ వాటికి చట్టం రక్షణ ఉంది. పాత గొట్టాల చుట్టూ తెల్లటి పీచు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి రా, ఆస్బెస్టాస్ కావచ్చు. ఫిరంగి గుండులాంటిది కనిపిస్తే పోలీసులకి చెప్పు. ప్రైవేటు స్థలమైతే అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

కాగితాల పని ఇక్కడినుంచే మొదలుపెట్టు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను ట్రోవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. యుద్ధం సాగుతుండగా సెన్సార్ వల్ల ఓడల పేర్లు, చోట్లు వేసేవారు కాదు. అందుకే 1945 ఆఖరు నుంచి వచ్చిన సంచికల్లో వెతుకు, అప్పటిదాకా దాచినవన్నీ బయటికొస్తాయి. మిగులు సామాన్ల వేలం ప్రకటనలు తప్పక చదువు. ఏ షెడ్డులో ఏ యంత్రం ఉండేదో వేలంపాటలోనే తేలుతుంది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పాత విమాన చిత్రాలను కూడా ఆన్‌లైన్‌లో ఉంచింది. యుద్ధం అయిన వెంటనే తీసినవి దొరికితే ఇప్పటి చిత్రం మీద పెట్టి చూడు.

ఇంకో దారి ఉంది, ఓడ వైపునుంచి రావడం. ఓడ ఎప్పుడు ఏ డాక్‌లోకి వెళ్ళిందో దాని నివేదికలో ఉంటుంది. సాధనకి మన ఊరి ఓడనే తీసుకో. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో కట్టిన డిస్ట్రాయర్ (వేగంగా వెళ్ళే యుద్ధనౌక) నిజాం, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు రోజున టోక్యో అఖాతంలో ఉంది. హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఆస్ట్రేలియా యుద్ధ స్మారక సంస్థ ఆనాటి ఓడల నెలవారీ నివేదికలు చాలావరకు ఆన్‌లైన్‌లో పెట్టింది. నిజాం ఎక్కడెక్కడ మరమ్మతుకి ఆగిందో ఒక పట్టిక తయారుచేసి నాకు చూపించు. చేయి తిరుగుతుంది.

ఆనాడు పనిచేసినవాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం, వాళ్ళ పిల్లలు దొరుకుతారు. 'యుద్ధం గురించి చెప్పండి' అని అడిగితే పుస్తకాల్లో ఉన్నదే చెబుతారు. నాన్నగారు ఏ గేటులోంచి లోపలికి వెళ్ళేవారు, సైకిల్ ఎక్కడ పెట్టేవారు, అన్నం ఎక్కడ తినేవారు, ఒంటి మీద ఏ వాసనతో ఇంటికొచ్చేవారు అని అడుగు. విశాఖలో కళాసీల ఇళ్ళలో నేను విన్న మంచి సంగతులన్నీ ఇలాంటి ప్రశ్నలకి వచ్చినవే. గేటు ఎక్కడుందో తెలిస్తే నీ మ్యాపులో సగం దారులు తెరుచుకుంటాయి.

వెళ్ళేలోపు రెండు చోట్ల సాధన చెయ్యి. ఒకటి గన్‌ఫౌండ్రీ. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం సైన్యం కోసం ఫిరంగులు పోయించిన చోటు, ఫతే మైదాన్ దగ్గర. అదీ యుద్ధం కోసం పుట్టిన కార్ఖానాయే. మిగిలిన గోడల్ని బయటినుంచి చూసి, ముడిలోహం ఎటు వచ్చి ఫిరంగి ఎటు బయటికి వెళ్ళి ఉంటుందో ఒక కాగితం మీద గీయి. రెండోది కోరంగి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. అక్కడినుంచి యానాం దారిలో తాళ్ళరేవు, కోరంగి. గోదావరి పాయ ఒడ్డున ఒకప్పుడు ఓడలు బాగుచేసేవారు. పోటు మీద ఓడను గొయ్యిలోకి తెచ్చి, మట్టికట్ట వేసి, నీళ్ళు తోడి పనిచేసి, అయ్యాక కట్ట తెంచి వదిలేవారు. బ్రిస్బేన్ డాక్ గేటు చేసే పనే ఇక్కడ మట్టికట్ట చేసింది. 1839 తుఫాను ఆ రేవుని దెబ్బతీసింది, ఇప్పుడక్కడ మడ అడవి. పోటు ఎక్కడిదాకా ఎక్కుతుందో, బురద ఎలా పట్టుకుంటుందో అక్కడ పడవవాళ్ళని అడిగి తెలుసుకో. మీ అమ్మ ఒప్పుకోకపోతే నేను తోడు వస్తానని చెప్పు.

స్టీలు టేపు, వాలు కొలిచే లెవెల్, వెనక రేకున్న పాత నోట్‌బుక్కు తీసి పక్కన పెట్టాను. ఆదివారం భోజనానికి వస్తే పట్టుకెళ్ళవచ్చు. వచ్చేటప్పుడు ఆ నది మ్యాపు పెద్దసైజులో ప్రింటు తీయించుకుని రా, ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో కూర్చుని గుర్తులు పెడదాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న