దౌర్భాగ్యుడు ఎక్కడినుంచి వచ్చాడు?

సందేహం: ‘ఓరి దౌర్భాగ్యుడా!’ అనే తిట్టు చిన్నప్పటినుంచీ వింటున్నాను. మెచ్చుకోవాలంటే ‘సౌభాగ్యుడా!’ అని మాత్రం ఎవరూ అనరేం? ‘సౌభాగ్యవతి’కి జతగా మగవాడికి మాట లేదా? అసలు ‘దౌర్భాగ్యం’ గుణాన్ని చెప్పే మాటా, మనిషిని చెప్పే మాటా? ‘అదృష్టం’ కూడా ఈ కోవలోదేనా?

సమాధానం: దౌర్భాగ్యం గుణమే, మనిషి కాదు. సుందరుడి గుణం సౌందర్యం, పండితుడి గుణం పాండిత్యం. అలాగే సుభగుడి గుణం సౌభాగ్యం, దుర్భగుడి గుణం దౌర్భాగ్యం. ‘సౌందర్యుడు వచ్చాడు, పాండిత్యుడు కూర్చున్నాడు’ అని ఎవరూ అనరు. దౌర్భాగ్యుడు మాత్రం దర్జాగా తిరుగుతున్నాడు.

ఇలా ఎందుకైందో నాకు తోచింది చెబుతాను. సుందర శబ్దం సౌందర్యమైనప్పుడు మొదటి అచ్చు ఒక్కటే మారింది. సుభగలో మాత్రం ‘సు’ ‘సౌ’ అయింది, ‘భ’ కూడా ‘భా’ అయింది. హృత్, భగ, సింధు శబ్దాలు చివర ఉంటే రెండు పదాలకూ వృద్ధి, అంటే మొదటి అచ్చు అ ‘ఆ’గా, ఉ ‘ఔ’గా మారడం, వస్తుందని పాణిని విడిగా సూత్రం చేశాడు. సుహృత్తు నుంచి సౌహార్దం పుట్టింది కూడా ఆ సూత్రంతోనే. ఆ రెండో దీర్ఘమే మనవాళ్లను తికమక పెట్టింది. ‘భాగ్యం’ అనే మాట కళ్లకు కట్టినట్టు కనిపించేసరికి, నిర్భాగ్యుడు, మందభాగ్యుడు ఉన్నట్టే దౌర్భాగ్యుడూ ఉంటాడనుకున్నారు. నిర్భాగ్యుడు బహువ్రీహి, భాగ్యం లేనివాడు. ఆ లెక్కన దుర్భాగ్యుడు కావాలి, దౌర్భాగ్యుడు కాకూడదు.

ఈ ‘భగ’కు మూలం భజ్ ధాతువు, పంచడం అని అర్థం. భాగం, భాగ్యం, భక్తి, భగవంతుడు అన్నీ అక్కడివే. అయితే సుభగుడికి ధనంతో పని లేదు. ఇది కాళిదాసు చెప్పాలి, ఇంకెవరు చెప్పినా రుచించదు. మేఘసందేశంలో మేఘం ఉజ్జయినికి చేరకముందు ఒక నదిని దాటుతుంది. ఎండలకు నీళ్లు సన్నగిల్లి ఒంటిజడలా ఉంది. ఒడ్డున చెట్లనుంచి రాలిన పండుటాకులతో పాలిపోయి ఉంది. ఆ నదిని చూపించి యక్షుడు మేఘంతో అంటాడు: ‘సౌభాగ్యం తే సుభగ విరహావస్థయా వ్యంజయంతీ’. ఓ సుభగా, తన విరహంతో ఆమె నీ సౌభాగ్యాన్నే చాటుతోంది! మనిషిని చెప్పే మాటా, గుణాన్ని చెప్పే మాటా ఒకే పాదంలో పక్కపక్కన ఉన్నాయి. ఏ వ్యాకరణ పాఠం ఇంత చక్కగా చెబుతుంది? అర్థం కూడా చూడండి. తనకోసం ఒకరు చిక్కి సగమవడం, అదీ సౌభాగ్యం. కుమారసంభవంలో శివుడు మన్మథుణ్ని కాల్చేశాక పార్వతి తన అందాన్ని తానే నిందించుకున్నదీ ఇందుకే: ‘ప్రియేషు సౌభాగ్యఫలా హి చారుతా’. వలచినవాడు వలవకపోతే ఆ అందానికి ఫలమేదీ?

మరి దుర్భగ అంటే భర్త ప్రేమకు నోచనిది. దౌర్భాగ్యమంటే ఎవరికీ అక్కరలేకపోవడం. ఇంత గుండెకోత ఉన్న మాటను తెచ్చి, వానకు రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ‘దౌర్భాగ్య పరిస్థితి’ అని రాస్తున్నారు. రాసేముందు ఒక్క క్షణం ఆగితే ఏం పోతుంది?

దరిద్రం కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. సంస్కృతంలో దరిద్ర మనిషికి విశేషణం, గుణం దారిద్ర్యం. మనం మనిషి మాటనే గుణానికి వాడి ‘ఇంట్లో దరిద్రం’ అంటున్నాం. ‘దారిద్ర్యరేఖ’లో మాత్రం అసలు రూపం బతికి ఉంది. దరిద్రాన్ని ఇప్పుడు దిద్దబోను, అది తెలుగైపోయింది.

అదృష్టం వేరే కోవ. కనబడనిది అని అర్థం. అయస్కాంతం వైపు సూది కదలడానికి కూడా వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడు అదృష్టమే కారణమన్నాడు. మంచి, చెడు రెండూ అందులోవే. మంచికే పరిమితం చేసి, చెడుకు ‘దుర్’ తగిలించింది తర్వాతివాళ్లు.

ఇక తీర్పు. దౌర్భాగ్యుణ్ని వెనకేసుకు రావాలనుకునేవారికి ‘అర్శ ఆదిభ్యోఽచ్’ అనే పాణిని సూత్రం ఉంది. ఒక గణంలోని, అంటే జాబితాలోని, మాటలకు ‘అది కలవాడు’ అనే అర్థం వస్తుందని అది చెబుతుంది. దౌర్భాగ్యం కలవాడు కాబట్టి దౌర్భాగ్యుడు అని సాధించవచ్చు. ఆ గణానికి హద్దు లేదు గనుక కాదనలేను, మనస్ఫూర్తిగా ఔననీ అనలేను. నోటి తిట్టుగా ఉండనివ్వండి. రాసేటప్పుడు నిర్భాగ్యుడు అనో, దుర్భాగ్యుడు అనో రాయండి.

మగవాడికి మాట అడిగారు. సౌభాగ్యవంతుడు తప్పు కాదు. సుభగుడు ఇంకా మంచిది, కానీ వాడుకలో నిలవలేదు. నన్నడిగితే ఆడమగ తేడా లేకుండా ‘పెట్టి పుట్టారు’ అంటాను. పోయిన జన్మలో ఒకరికి పెట్టి ఈ జన్మలో పుట్టడం. కణాదుడి కనబడని అదృష్టం మన అమ్మమ్మల నోట ఆ రెండు మాటల్లో పట్టింది.