పాత కుట్టు మిషన్లు బాగుచేసి అమ్మడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అత్తగారు వాడిన రెండు పాత సింగర్ మిషన్లు నా దగ్గరికి వచ్చాయి. 201 మోడల్‌లో మోటార్ లోపలే ఉంది. 99 మోడల్‌కి వెనకవైపు మోటార్, బెల్టు ఉన్నాయి. రెండింటికీ వైర్ల మీది రబ్బరు పొడిపొడిగా రాలుతోంది. రీవైరింగ్ చేయించాలా, మోటార్ తీసేసి చేతి హ్యాండిల్ పెట్టించాలా? ఇవి బాగైతే ఇలాంటివే మరో ఐదారు కొని, బాగుచేసి అమ్మాలనుంది. అందుకోసం మూడేళ్ల పర్సనల్ లోన్ చూస్తున్నాను. పాత వస్తువుల విలువ పెరుగుతూనే ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ లోన్ ఆలోచన పక్కన పెట్టేయండి. ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది. మిషన్ ఎప్పుడు అమ్ముడుపోతుందో ఎవరూ చెప్పలేరు. రాబడికి తేదీ లేని పనికి, తేదీ తప్పని అప్పు చేయకూడదు.

విలువ పెరుగుతుందన్న మాటా నమ్మకండి. 1913లో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ ఒక్కటే దాదాపు 13 లక్షల సింగర్ మిషన్లు తయారుచేసింది. పోత ఇనుముతో చేసినవి కాబట్టి వాటిలో ఎన్నో ఇంకా ఎక్కడో ఒక చోట ఉన్నాయి. పాతవే గానీ అరుదైనవి కావు. మంచి స్థితిలో ఉండి చక్కగా కుడితేనే ధర పలుకుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న రెండింటి సంగతి. వైర్లు మార్చేదాకా దేన్నీ ప్లగ్గులో పెట్టకండి, ఒక్కసారి తిరుగుతుందేమో చూద్దామని కూడా వద్దు. రబ్బరు ఊడి రాగి తీగ బయటపడితే, మిషన్ ఒళ్లంతా లోహమే కాబట్టి షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

201కి రీవైరింగే దారి. అందులో మోటార్ ఇరుసు చివరి గేరు నేరుగా చక్రం గేరును తిప్పుతుంది, మధ్యలో బెల్టు లేదు. దానికి చేతి హ్యాండిల్ పెట్టాలంటే అసలు నిర్మాణాన్నే కెలకాలి, ఆ ఖర్చు దండగ. రీవైరింగ్‌లో సామాను ఖర్చు తక్కువే: తీగ, హీట్ ష్రింక్ గొట్టాలు (వేడి చేస్తే బిగుసుకుని తీగను కప్పేవి), అరిగి ఉంటే కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు). బిల్లులో ఎక్కువ భాగం కూలీయే. మోటార్ విప్పి, గట్టిపడిన పాత గ్రీజు తీసి, తీగలు ఒక్కొక్కటే మార్చాలి మరి. అందుకే పని అప్పజెప్పే ముందు ఫుట్ కంట్రోలర్ (కాలితో నొక్కే పెడల్), లైటు కూడా ఆ రేటులోనే కలిసి ఉన్నాయా అని అడిగి రాయించుకోండి. చివర్లో బిల్లు పెరిగేది అక్కడే.

99కి మాత్రం హ్యాండిల్ పెట్టించండి. వెనక మోటార్ బిగించే బొడిపెకే హ్యాండిల్‌నూ బిగిస్తారు. దానికుండే వేలు లాంటి కడ్డీ చక్రం ఆకుల (స్పోక్‌ల) మధ్య దూరి తిప్పుతుంది. మీ మిషన్ చక్రం ఆకుల్లేని గట్టి బిళ్లలా ఉంటే, ఆకులున్న చక్రం కూడా కొనాలి. చాలామంది హ్యాండిల్ ఒక్కటే కొని, అది వచ్చాక తల పట్టుకుంటారు. లైటు తీగ కూడా తీసేస్తే కరెంటు బాధే ఉండదు. తీసిన మోటార్, పాత చక్రం, స్క్రూలు ఒక డబ్బాలో దాచండి. అమ్మేటప్పుడు ఆ డబ్బాకు కూడా విలువ కట్టే కొనుగోలుదారులుంటారు. స్పిరిట్ పెట్టి తుడవకండి, పాత షెల్లాక్ (లక్కతో చేసిన వార్నిష్) పూత కరిగి బంగారు బొమ్మలు పోతాయి, వాటితోపాటు ధరా పోతుంది.

వ్యాపారం సంగతికొస్తే, అమ్మకం ధర 100 అనుకోండి. కొన్నది 35, హ్యాండిల్, చక్రం, నూనె, సూదులకు 25, ప్యాకింగ్, రవాణా, కమీషన్ కలిపి 25 అయ్యాయనుకుందాం. ఇంత బరువున్న ఇనుమును విరగకుండా పంపడం చవక కాదు. మిగిలేది 15. శుభ్రం చేయడం, బిగించడం, ఫొటోలు, కొనేవాళ్ల ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి పది గంటలు పడితే గంటకు ఒకటిన్నర. ఇందులోంచి వడ్డీ కూడా కట్టాలంటే మీ కష్టం మొత్తం బ్యాంకుకే. ఈ లెక్కలో మీ నిజమైన అంకెలు వేసుకుని చూడండి. మీ గంట విలువ మీకే తెలుసు.

అయినా సరదా తీరలేదంటారా? అప్పుడు చేతి మిషన్లే అమ్మండి. మీరు వైర్లు మార్చి అమ్మిన మిషన్‌తో ఎవరికైనా షాక్ కొడితే బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. ఆ టెన్షన్‌కు సరిపడే లాభం ఇందులో లేదు.

ఈ నెల మిగులు డబ్బుతో 99 పని చేయించండి. అత్యవసర నిధి జోలికి వెళ్లొద్దు. ఆ 99ని అమ్మి, చేతికొచ్చిన డబ్బుతోనే తర్వాతి మిషన్ కొనండి. ఒకటి అమ్ముడుపోయేదాకా రెండోది కొనకండి. 201 రీవైరింగ్‌కు నెలనెలా కొంత పక్కన పెట్టి, పూర్తి మొత్తం చేరాకే మెకానిక్‌కు ఇవ్వండి. అది మీరు కుట్టుకోవడానికి ఉంచుకునే మిషన్ అయితే ఇంటి ఖర్చులో రాయండి, పెట్టుబడుల జాబితాలో వద్దు.