‘ఫ్యాన్ ఆపబడింది’ అనవచ్చునా?

సందేహం: కంప్యూటర్‌లో ఫ్యాన్ కంట్రోలర్‌ను బిగించుకొని, దాని సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు చేసుకొనే విధానాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాన్ వేగం పెంచబడుతుంది’, ‘40 డిగ్రీల కంటే తగ్గినప్పుడు ఫ్యాన్ ఆపబడుతుంది’, ‘కంట్రోలర్ కనెక్ట్ చేయబడలేదు’ వంటి వాక్యాలు రాశాను. ఒక మిత్రుడు చదివి, ‘బడు’ తెలుగు కాదనీ, కనిపించిన ప్రతిచోటా తీసేయమనీ అన్నారు. తీసేస్తే సాంకేతిక రచనకు ఉండవలసిన గాంభీర్యం పోతుందేమో! పైగా ‘ప్రాసెసర్ చల్లబడుతుంది’ అన్నప్పటి ‘బడు’ను ఏం చేయాలో తోచడం లేదు. ‘ఫ్యాన్లు’, ‘ఫ్యాన్‌లు’, ‘ఫ్యానులు’ – వీటిలో ఏది రాయాలి?

సమాధానం: మీ మిత్రుని మాటలో సగమే నిజం. ‘బడు’ తెలుగు కాదనడం సరికాదు. ‘చేయన్’ అనే రూపం మీద ‘పడు’ చేరి, పకారం బకారంగా మారి ‘చేయఁబడు’ అయిందని మన వ్యాకరణాలు చెబుతూనే ఉన్నాయి; కర్మణి ప్రయోగం పాత గ్రంథాల్లోనూ ఉంది. అయితే నలుగురు మాట్లాడుకునే చోట అది చాలా అరుదుగా వినిపిస్తుంది. కారణం, దాని అవసరం తెలుగుకు తక్కువ కావడమే. తిరుగు–తిప్పు, ఆగు–ఆపు, పెరుగు–పెంచు, తగ్గు–తగ్గించు, మారు–మార్చు అంటూ పని తనంతట జరగడానికి ఒక క్రియ, ఒకరు దాన్ని చేయడానికి మరొక క్రియ మన భాషలో జంటలుగా ఉన్నాయి. కర్తను చెప్పాలనుకుంటే రెండో క్రియ, చెప్పనక్కర లేదనుకుంటే మొదటి క్రియ సరిపోతుంది. ‘60 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది’ అన్న వాక్యంలో లోపమేమీ లేదు. ‘పెంచబడుతుంది’ అనడం, ‘పెరుగు’ను ‘పెంచు’గా మార్చి, దానికి ‘బడు’ తగిలించి, మళ్లీ ‘పెరుగు’ దగ్గరికే చేరుకోవడం.

మీ రెండో వాక్యం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడ ‘బడు’ వాక్యాన్ని బరువెక్కించడంతో సరిపెట్టక, చదువరికి కావలసిన సమాచారాన్నే దాచేస్తోంది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో ఒక తీగ భూమి (గ్రౌండ్), ఒకటి 12 వోల్టుల విద్యుత్తు, మూడోది ఫ్యాన్ తన వేగాన్ని తెలియజేసేది, నాలుగోది కంట్రోలర్ ఆజ్ఞను మోసేది. ఫ్యాన్ ఒక్కొక్క చుట్టు తిరిగినప్పుడల్లా మూడో తీగ మీద సాధారణంగా రెండు విద్యుత్ స్పందనలు (పల్సులు) పంపుతుంది. వాటిని లెక్కగట్టి, నిమిషానికి ఎన్ని చుట్లో సాఫ్ట్‌వేర్ తెర మీద చూపుతుంది. ఇప్పుడు తెర మీద సున్నా కనిపించిందనుకోండి. ప్రాసెసర్ చల్లగా ఉంది కాబట్టి, మీరు సాఫ్ట్‌వేర్‌లో గీసిన వేగపు గీత (ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చెప్పే గీత) ప్రకారం కంట్రోలరే ఫ్యాన్‌ను ఆపి ఉండవచ్చు; అది కోరుకున్నదే. లేదా మీరు పెట్టిన కనిష్ఠ వేగం మరీ తక్కువై, ఫ్యాన్ తిరగడానికి శక్తి చాలక ఆగిపోయి ఉండవచ్చు. ఆగిన ఫ్యాన్‌ను కదిలించడానికి కావలసిన శక్తి, తిరుగుతున్న ఫ్యాన్‌ను అలాగే తిప్పుతూ ఉండడానికి కావలసిన శక్తి కంటే ఎక్కువ కనుక ఇలా జరుగుతుంది. దీనిని వెంటనే సరిచేయాలి. రెండు సందర్భాల్లోనూ అంకె సున్నాయే. తేడా చెప్పవలసింది క్రియ. ‘కంట్రోలర్ ఫ్యాన్‌ను ఆపింది’ అంటే మొదటిది, ‘ఫ్యాన్ ఆగిపోయింది’ అంటే రెండోది. ‘ఫ్యాన్ ఆపబడింది’ అంటే ఎవరు ఆపారో తెలియదు, చదువరి నిశ్చింతగా ఉండాలో, పెట్టె విప్పాలో తేలదు. కాబట్టి మీ వాక్యాన్ని ‘40 డిగ్రీల కంటే తగ్గినప్పుడు కంట్రోలర్ ఫ్యాన్‌ను ఆపుతుంది’ అని మార్చండి.

‘కనెక్ట్ చేయబడలేదు’ విషయంలోనూ ఇదే చిక్కు. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకు తిరుగు–తిప్పు వంటి జంటలు పుట్టుకతో ఉండవు గనుక, తెలుగు వాటికి ‘అవు’, ‘చేయు’ అనే రెండింటినీ చేర్చి జంటలు కల్పించుకుంది: ఆన్ అవు–ఆన్ చేయు, సేవ్ అవు–సేవ్ చేయు, కనెక్ట్ అవు–కనెక్ట్ చేయు. ఇంత తేలికైన ఏర్పాటును చదువు లేనివారు కూడా తప్పకుండా వాడుతుంటే, మనం రాతలో దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. చాలా కంట్రోలర్లకు విద్యుత్తు ఒక తీగ ద్వారా, సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే సంకేతం మదర్‌బోర్డు యూఎస్‌బీ పిన్నులకు వెళ్లే మరో తీగ ద్వారా అందుతాయి. రెండో తీగ పెట్టడం మరిచిపోయినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కంట్రోలర్ కనబడదు. అప్పుడు ‘యూఎస్‌బీ తీగ పెట్టలేదు’ అనాలి. తీగ పెట్టి ఉన్నా పని జరగకపోతే ‘కంట్రోలర్ కనెక్ట్ కాలేదు’ అనాలి. చేయకపోవడం మనిషి వంతు, కాకపోవడం యంత్రం వంతు. ‘చేయబడలేదు’ ఈ రెంటిలో దేన్నీ సూటిగా చెప్పదు.

ఎవరు చేశారన్నది నిజంగా అప్రస్తుతమైన చోట తెలుగుకు మరో దారి కూడా ఉంది. ‘తయారీదారుచేత ఒక వేగపు గీత ముందుగానే అమర్చబడి ఉంటుంది’ అనకుండా ‘వేగపు గీత ముందుగానే అమర్చి ఉంటుంది’ అనవచ్చు. తలుపు తెరిచి ఉంది, దీపం పెట్టి ఉంది అనేటప్పుడు మనం వాడే పద్ధతే ఇది.

ఇక ‘చల్లబడు’. దీనిని ముట్టుకోకండి. ‘చేయబడు’లో ‘బడు’కు ముందున్నది ఒకరు మరొకదాని మీద చేసే పనిని చెప్పే క్రియ. ‘చల్లబడు’లో ముందున్నది క్రియ కాదు, చల్లదనాన్ని చెప్పే మాట, ఇక్కడి ‘పడు’కు ఒక స్థితిని పొందడమని అర్థం. స్థిరపడు, బలపడు, మెరుగుపడు ఈ కోవలోవే. వీటికి చల్లబరచు, స్థిరపరచు, బలపరచు, మెరుగుపరచు అని చక్కని జంటలు కూడా ఉన్నాయి. అందుకే ‘ఫ్యాన్ ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది’, ‘ప్రాసెసర్ చల్లబడుతుంది’ రెండూ మంచి తెలుగే. ‘చల్లబరచబడుతుంది’ మాత్రం వద్దు. కనబడు, వినబడు మాటలు రూపాన్ని బట్టి ‘చేయబడు’ వంటివే అయినా, ఎప్పుడో తోచు, తెలియు వంటి క్రియల్లో కలిసిపోయాయి. వాటినీ అలాగే ఉంచండి. ‘బడు’ను వెతికి తీసేసే పని యంత్రానికి అప్పగిస్తే ఇవన్నీ పోతాయి.

గాంభీర్యం గురించి మీ భయం అర్థమైంది. సాంకేతిక రచనకు గాంభీర్యం స్పష్టత వల్ల వస్తుంది. ఈ వాక్యం చూడండి: ‘నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు కంట్రోలర్ నాలుగో తీగ మీద సెకనుకు సుమారు 25 వేల స్పందనలు పంపుతూ, ఒక్కొక్క స్పందన ఎంతసేపు నిలవాలో మార్చడం ద్వారా వేగాన్ని నియంత్రిస్తుంది, మూడు పిన్నుల ఫ్యాన్‌కు ఆ తీగ ఉండదు గనుక వోల్టేజీనే తగ్గిస్తుంది.’ ఇందులో ఒక్క ‘బడు’ కూడా లేదు, గాంభీర్యానికి లోటూ లేదు.

బహువచనానికి వస్తే, ‘కారు’కు ‘కార్లు’ అన్నట్టే ‘ఫ్యాను’కు ‘ఫ్యాన్లు’ సహజంగా పలికే రూపం; నేను అదే రాస్తాను. ‘ఫ్యానులు’ తప్పు కాదు గాని ఇప్పుడు పలికేవారు తక్కువ. ‘ఫ్యాన్‌లు’ ఉచ్చారణలో ‘ఫ్యాన్లు’ కంటే వేరు కాదు, రాతలో విడదీయడమే తేడా. ఏది ఎంచుకున్నా మొదటి పుట నుంచి చివరి పుట దాకా అదే ఉంచండి.