గోల్ఫ్ క్లబ్‌లో చేరాలా? బయటికొచ్చే దారి ముందు చూడండి

ప్రశ్న: నా వయసు 43. మూడేళ్లుగా పబ్లిక్ కోర్సులో, అంటే ఫీజు కట్టి ఎవరైనా ఆడుకునే మైదానంలో, నెలకు రెండుసార్లు గోల్ఫ్ ఆడుతున్నాను. ఒక ప్రైవేట్ క్లబ్‌లో చేరమని మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఎంట్రీ ఫీజు మా ఏడాది పొదుపంత ఉంది. అమ్మాయి కాలేజీకి ఇంకా నాలుగేళ్లుంది కదా, దానికోసం దాచిన డబ్బు తీసి కట్టేసి తర్వాత నింపుకోవచ్చా? ఎప్పుడైనా అమ్ముకోవచ్చు కాబట్టి సభ్యత్వం కూడా పెట్టుబడేనని అతని మాట.

జవాబు: అమ్మాయి చదువు డబ్బు ముట్టుకోకండి. నాలుగేళ్లు ఇట్టే గడిచిపోతాయి. కొత్తగా నెలవారీ చందా కడుతూ, తీసిన సొమ్మూ నింపుకుంటూ రావడం మీ ఆదాయానికి రెండు వైపులా భారం.

మీ మిత్రుడి ‘పెట్టుబడి’ మాటతోనూ నేను ఏకీభవించను. ఈక్విటీ సభ్యత్వమైతే క్లబ్ ఆస్తిలో వాటా, ఓటు ఉంటాయి. నాన్ ఈక్విటీ అయితే ఆడుకునే హక్కు మాత్రమే. మొదటి రకంలోనైనా చాలా క్లబ్బుల్లో అమ్మకం మీ చేతిలో ఉండదు. మానేసేవాళ్లను వరసలో పెట్టి, కొత్తగా కొందరు చేరితేగానీ పాతవారిలో ఒకరికి డబ్బివ్వని క్లబ్బులున్నాయి. మీ వంతు వచ్చేదాకా చందా కట్టాలని నిబంధన పెట్టినవీ ఉన్నాయి. రోజులు బాగోలేక మీరు మానేయాలనుకున్నప్పుడే మిగతావాళ్లూ మానేస్తారు, కొత్తవాళ్లు రారు. ఎంట్రీ ఫీజును డిపాజిట్‌గా తీసుకుని ‘తిరిగిస్తాం’ అంటే ఎప్పుడిస్తారో చూడండి. వడ్డీ లేకుండా 30 ఏళ్లకు చేతికొస్తే, ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకున్నా, దాని విలువ ఇవాళ్టి సొమ్ములో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకని ఎంట్రీ ఫీజును తిరిగిరాని ఖర్చుగానే లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. పబ్లిక్ కోర్సులో ఒక రౌండుకు, అంటే 18 హోల్స్ (గుంతల) పూర్తి ఆటకు, మీరు కట్టే ఫీజునే కొలతగా పెట్టుకుందాం. ఎంట్రీ ఫీజు 200 రౌండ్ల ఖరీదు అనుకోండి. పదేళ్లకు పంచితే ఏడాదికి 20. ఏడాది చందా 50 రౌండ్ల ఖరీదైతే మొత్తం 70. మీరు ఆడేది 24. క్లబ్‌లో చేరితే ఎక్కువ ఆడతామని అందరూ అనుకుంటారు. కానీ 18 హోల్స్‌కు నాలుగు గంటలైనా పడుతుంది, రానూపోనూ సమయం వేరే. ఆ గంటలు ఇంట్లో ఎవరి దగ్గరనుంచి తీస్తున్నారో మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఫీజు కన్నా ఇదే పెద్ద విషయమని నా అభిప్రాయం.

మైదానంలో తిరిగే కార్ట్, లాకర్, అతిథుల ఫీజు, తిన్నా తినకపోయినా కట్టాల్సిన కనీస భోజన బిల్లు లాంటివి అడిగితే చెప్తారు. అడగందే బయటపడనిది అసెస్‌మెంట్, అంటే పెద్ద పనులకు సభ్యుల దగ్గర వసూలు చేసే అదనపు సొమ్ము. బంకర్లలో, అంటే మైదానంలోని ఇసుక గుంటల్లో, ఇసుక ఐదారేళ్లకు మార్చాలి. గ్రీన్స్, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, 15 నుంచి 30 ఏళ్లలో తిరగదోడాలి. నేల కింది నీటి పైపులూ ఎప్పటికీ ఉండవు. పైపులు చివరిసారి ఎప్పుడు వేశారు, ఇలాంటి పనులకు పక్కన పెట్టిన రిజర్వ్ ఫండ్‌లో ఎంతుంది అని అడగండి. పైపులు పాతబడి, ఫండ్ ఖాళీగా ఉంటే ఆ బిల్లు మీరు చేరాక వస్తుంది.

ఆట మీద మీ ఇష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) కోసం వెతుకులాట లేకపోవడం, ఎప్పుడూ తెలిసినవాళ్లతోనే ఆడటం మంచి సుఖమే. అందుకే ఏడాది ట్రయల్ సభ్యత్వం గానీ, సోమవారం నుంచి శుక్రవారం వరకే ఆడే వీక్‌డే సభ్యత్వం గానీ ఉందేమో కనుక్కోండి. రెండోది మీ ఉద్యోగానికి కుదిరితేనే. అప్పు చేసి మాత్రం వద్దు. ఎంట్రీ ఫీజు వాయిదాల్లో కట్టనిస్తే వడ్డీ ఎంతో రాయించుకోండి.

ఏడాదిలో 70 రౌండ్లు దాటి ఆడగలిగి, చదువు డబ్బు జోలికి పోకుండా ఎంట్రీ ఫీజు విడిగా కూడబెట్టగలిగితే నిశ్చింతగా చేరండి. సంతకానికి ముందు క్లబ్ నియమావళి, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, మానేసేవాళ్ల జాబితాలో ఎందరున్నారన్న వివరం చేతికి తీసుకోండి. ఇవి చూపించడానికి వెనకాడే క్లబ్ మీకు వద్దు.