నలభై షాట్లు దాటగానే చేయి వణుకుతోంది

ప్రశ్న: నేను 19 ఏళ్ల అమ్మాయిని. కావలిలో డిగ్రీ చదువుతూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్నాను. పోటీ రోజు కడుపు బరువెక్కుతుందన్న భయంతో ఉదయం కాఫీ మాత్రమే తాగి వెళ్తాను. నలభై షాట్ల వరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత చేయి వణుకుతుంది. అమ్మ గ్లూకోజ్ నీళ్లు తాగమంటోంది. తోటి షూటర్ ఒకరు గుండెదడ తగ్గే మాత్ర వేసుకోమన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. అది బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) కావచ్చు. షూటింగ్‌లో వాటిని పోటీ రోజే కాదు, సాధన రోజుల్లోనూ నిషేధించారు. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం కూడా. దాని జోలికి వెళ్లకండి.

మీ మ్యాచ్ 60 షాట్లు, 75 నిమిషాలు. అంతకుముందు గురి సరిచూసుకోవడానికి పావుగంట. ఐదింటికి లేచారనుకుంటే, పదకొండింటికి చివరి షాట్ కొట్టేదాకా కడుపులో పడింది ఒక్క కాఫీ! చేతిని వణికిస్తున్నది ఆకలి, కెఫీన్, కంగారు మూడూ కలిసి కావచ్చు. గ్లూకోజ్ నీళ్లు గటగటా తాగితే కొందరికి కాసేపు హుషారొచ్చి, గంటలోపే నీరసం ముంచుకొస్తుంది. అంటే సరిగ్గా మ్యాచ్ మధ్యలో.

పోటీకి రెండున్నర, మూడు గంటల ముందు మూడు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు తినండి. నెయ్యి కారుతున్న కారం దోసె మన నెల్లూరు వాళ్లం వదులుకోలేనిదే కానీ, నూనె, నెయ్యి త్వరగా అరగవు. దాన్ని మ్యాచ్ అయ్యాక తినండి, నేను వద్దనను. గంట ముందు ఒక అరటిపండు చాలు. కాఫీ అలవాటైతే ఒక్కసారిగా మానకండి, తలనొప్పి వస్తుంది. టిఫిన్‌తో పాటు అరకప్పు తాగండి.

షూటింగ్‌కి వేసుకునే మందపాటి జాకెట్ లోపల ఒళ్లు ఎంత తడుస్తుందో మీకే తెలుసు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సీసాలో పెట్టుకుని, మ్యాచ్ ముందు కొద్దికొద్దిగా తాగండి. ఒకేసారి లీటరు తాగితే ముప్ఫయ్యో షాట్‌కి బాత్రూమ్ గుర్తొస్తుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్టే.

ఇదంతా మొదటిసారి పోటీ రోజే చేయకండి. సాధనలో అరవై షాట్లూ కొట్టి, వణుకు ఎన్నో షాట్‌కి మొదలైందో రాసుకోండి. ఇలా నాలుగు వారాలు చేసినా తగ్గకపోతే, లేదా ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా చేయి వణుకుతుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.