ఊరందరి తరఫున నలుగురు దావా వేయవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకులో ఒక ఊరు. గెడ్డ (వాగు) నీళ్లు ఒక కాలువ గుండా మా చెరువులోకి వస్తాయి. ఆ చెరువు కింద సుమారు 90 కుటుంబాలు సాగు చేసుకుంటున్నాం. పైన పొలం కొన్న ఒకాయన కాలువ పూడ్చి గోడ కట్టేశారు. పోయిన ఏడాది పంట కూడా దెబ్బతింది. అందరం కోర్టు చుట్టూ తిరగలేం. నలుగురం ఊరి తరఫున కేసు వేయవచ్చా? మా యువజన సంఘం పేరు మీద వేయాలా? పది ఇళ్లవాళ్లు ఆయన వైపు ఉన్నారు, సంతకం పెట్టం అంటున్నారు. మిగతావాళ్ల సంతకాలు తీసుకుంటున్నాం.
– ఒక రైతు

జవాబు: వేయవచ్చు. నలుగురే కానక్కర్లేదు, ఒక్కరైనా చాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లోని ఆర్డర్ 1, రూల్ 8 ఇలాంటి వాటి కోసమే ఉంది. చాలామందికి ఒకే ప్రయోజనం ఉన్నప్పుడు, కోర్టు అనుమతితో వారిలో కొందరు అందరి కోసం దావా వేయవచ్చు.

కోర్టు అనుమతి అన్న మాట గమనించండి. మీరు ఇంటింటికీ తిరుగుతున్న సంతకాల కాగితం ఆ అనుమతికి బదులు కాదు. తొంభై ఇళ్లూ సంతకం పెట్టినా అనుమతి లేకపోతే ఆ దావా మీ నలుగురిదే అవుతుంది. ఆ పది ఇళ్లూ పెట్టకపోయినా అనుమతి రావచ్చు. కాబట్టి సంతకాల టెన్షన్ వదిలేయండి. దావాతో పాటే రూల్ 8 కింద వేరే పిటిషన్ వేయమని మీ లాయరు గారికి చెప్పండి. తర్వాత అడిగినా కోర్టులు ఇస్తాయి గానీ, మొదటే అడిగితే అవతలివారికి అభ్యంతరం చెప్పే వీలు తగ్గుతుంది.

మీ శ్రమంతా పెట్టాల్సింది నోటీసు దగ్గర. ఈ దావాలో వచ్చే తీర్పు ఊళ్లో ప్రయోజనం ఉన్న అందరికీ వర్తిస్తుంది. గెలిస్తే సరే. ఓడితే, కోర్టు మెట్లెక్కనివారు కూడా అదే హక్కు కోసం మళ్లీ దావా వేయలేరు. అందుకే కోర్టు అందరికీ నోటీసు ఇవ్వాలంటుంది, ఖర్చు వాదులది. మనిషి మనిషికీ అందజేయడం సాధ్యం కాకపోతే బహిరంగ ప్రకటన ఇస్తారు. నోటీసు సరిగా లేకపోతే తర్వాత ఎవరో ఒకరు లేచి ‘ఆ తీర్పు నాకు వర్తించదు’ అంటారు. అనుమతి, నోటీసు సరిగా లేని తీర్పు మిగతావారిని కట్టిపడేయదని 1933లోనే కుమారవేలు చెట్టియార్ కేసులో, బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అప్పటికి మీ జిల్లా కేంద్రం పర్లాకిమిడి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది!

మీ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ప్రకటన ఒడియా పత్రికలో వేసి ఊరుకుంటే మీ ఊళ్లో పెద్దవాళ్లు ఎంతమంది చదువుతారు? తెలుగులో కూడా రాసి రామమందిరం దగ్గర, పంచాయతీ ఆఫీసు గోడకు అతికించడానికి, దండోరా వేయించడానికి కోర్టును అనుమతి అడగండి. దావా దేని గురించి, ఏం కోరుతున్నారు, ఎవరెవరు వేశారు అన్నవి అందులో ఉండాలి.

ఆ పది ఇళ్ల సంగతి. అందరూ ఒకే మాట మీద ఉండాలని చట్టం అనదు, ప్రయోజనం ఒకటైతే చాలు. నచ్చనివారు తమను కూడా పార్టీగా చేర్చుకోమని కోర్టును అడగవచ్చు. వాళ్ల కోసం దావా ఆపనక్కర్లేదు.

యువజన సంఘం రిజిస్టర్ కాకపోతే సంఘం పేరుతో దావా నిలవదు. రిజిస్టర్ అయినా సంఘం సభ్యులూ ఆయకట్టు రైతులూ ఒకరే కారు కదా. రైతులే వాదులుగా ఉండండి. చెరువు కింద భూమి లేని కుర్రాడు ఎంత చురుకైనవాడైనా వాదిగా వద్దు.

పంట నష్టం మాత్రం విడిగా చూడాలి. కాలువ తెరిపించడం అందరి హక్కు. నష్టం ఎవరి పొలాన్ని బట్టి వారిది. అందరి తరఫున నలుగురు దాన్ని అడగబోతే కేసు చిక్కుల్లో పడుతుంది. వాదులుగా ఉండే మీరు నలుగురూ మీ సొంత నష్టాన్ని ఇందులోనే అడగాలి, లేదా తర్వాత అడుగుతామని ఆర్డర్ 2, రూల్ 2 కింద (ఇదీ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనిదే) ముందే కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఆ దారి మూసుకుపోవచ్చు.

ఇంతకీ ఆ కాలువ ఎవరి పేరున ఉంది? వెంటనే ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో చూడండి, తహసీల్దారు ఆఫీసులో ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) నకలు తీయండి. ప్రభుత్వ భూమిగా ఉంటే ముందు 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణల నిరోధక చట్టం కింద తహసీల్దారుకు అర్జీ పెట్టండి. ఆయన గోడ తీయిస్తే కోర్టు అవసరమే ఉండదు. దావాలో ప్రభుత్వాన్ని కూడా చేర్చాల్సి వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నాట్లు దగ్గరపడి ఆగలేమంటే నోటీసు లేకుండా దావాకు అనుమతి కోరవచ్చు, దానితో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ (దావా తేలేదాకా కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అడగండి.

వాదులను ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. అవతలాయన వీళ్లలో ఒకరిద్దరిని పిలిచి మాట్లాడుకుందాం అంటాడు, అది తప్పదు. అయితే మళ్లీ అందరికీ నోటీసు వెళ్లకుండా దావా వెనక్కి తీసుకోవడం గానీ, రాజీ పడటం గానీ కుదరదు. కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదు. వాదులు నిర్లక్ష్యంగా నడిపితే మీలో ఇంకొకరు కోర్టుకు చెప్పి వాళ్ల స్థానంలోకి రావచ్చు. ఆ అర్జీ పెట్టడానికి మీరు వాది అయి ఉండనక్కర్లేదు, అదే ప్రయోజనం ఉన్న రైతు అయితే చాలు.