బెంగళూరు మట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? ఎర్రగా ఉంటే సారం ఉన్నట్టేనా?

ఆ ఎరుపు మట్టిలోని ఇనుము ఆక్సైడ్‌ది, అంటే దాదాపు తుప్పే. సారానికీ దానికీ నేరుగా సంబంధం లేదు. బెంగళూరు కింద ఉన్నది నైస్ (gneiss) అనే గట్టి చారల రాయి, లాల్‌బాగ్ గుట్ట మీద బయటికి కనిపించేదే. ఎండకీ వానకీ ఆ రాయి చివికినప్పుడు అందులోని ఇనుము గాలి తగిలి ఆక్సైడ్‌గా మారి, రేణువులకు పలచటి పూతలా పట్టుకుంటుంది. అదే మట్టి చాలాకాలం నీళ్లలో నాని గాలి అందకపోతే బూడిద రంగుకు తిరుగుతుంది.

మట్టి నీటిని ఎంత పట్టి ఉంచుతుందన్నది ముఖ్యంగా రేణువుల సైజును బట్టి ఉంటుంది: 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి బంక, 0.05 నుంచి 2 దాకా ఇసుక, మధ్యవి ఒండ్రు. ఇది కంటికి కాదు, చేతికి తెలుస్తుంది. మేడ మీది కుండీల కోసం నర్సరీలో కొన్న ఎర్రమట్టిని కాస్త తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ సాగదీయండి. తెగకుండా పొడుగ్గా పట్టీలా సాగితే బంక ఎక్కువ. గరగరలాడుతూ విరిగిపోతే ఇసుక ఎక్కువ.

ముదురు ఎరుపైతే బలమైన మట్టి అని చాలామంది నమ్ముతారు. నిజానికి ఎర్ర నేలల్లో సాధారణంగా నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. కుండీలో పశువుల ఎరువో కంపోస్టో కలపాల్సిందే.